ఫైలు దొరికింది సరే... అది ఏ దశలో ఉంది?

ఆఫీసు కాగితాల గురించి మనవాళ్లు వాడే మాటలు ఒకసారి గుర్తుచేసుకోండి. ఫైలు కదిలింది. పైకి వెళ్లింది. కొర్రీ పడింది. ఆగింది. మూలన పడింది. అటకెక్కింది. బుట్టదాఖలైంది. ఎప్పుడో ఒకరోజు, అదృష్టం బాగుంటే, మోక్షం వచ్చింది.

గమనించారా? వీటిలో ఒక్క మాట కూడా ఆ ఫైల్లో ఏముందో చెప్పదు. అది భూమి గొడవా, పింఛనా, రోడ్డు టెండరా అన్నది ఈ మాటలకు అక్కర్లేదు. ఆ ఫైలు ప్రస్తుతం ఏ స్థితిలో ఉందో మాత్రమే చెబుతాయి. వినగానే మనకు తర్వాత ఏం చేయాలో కూడా అర్థమైపోతుంది. కొర్రీ పడిందంటే జవాబు రాసుకోవాలి. పైకి వెళ్లిందంటే కొన్నాళ్లు ఓపిక పట్టాలి. అటకెక్కిందంటే ఇక మళ్లీ మొదటినుంచీ తిరగాలి. కంప్యూటర్‌లో కాగితాలు దాచుకునే ఈ రోజుల్లో వీటినే ‘స్టేటస్ లేబుల్స్’ అంటున్నారు. పేరు కొత్తదే కానీ సంగతి మనకు తాతల నాటి నుంచీ తెలిసిందే.

నేను చేసే ఉద్యోగం పేరు డాక్యుమెంట్ కంట్రోలర్. గల్ఫ్‌లో నిర్మాణ కంపెనీల్లో తొమ్మిదేళ్లు చేశాను, ఇప్పుడు హైదరాబాద్‌లో చేస్తున్నాను. పెళ్లి చూపుల్లో ఈ పేరు చెబితే ‘కంట్రోలరా? మీ కింద ఎంతమంది ఉంటారు బాబూ?’ అని అడిగారు మా మావగారు. మనుషులు కాదండీ, కాగితాలు. ఒక పెద్ద భవనం కట్టాలంటే వేలకొద్దీ డ్రాయింగులు, ఉత్తరాలు, బిల్లులు, పరీక్షల రిపోర్టులు పుడతాయి. ఏది ఎక్కడుందో చెప్పడం నా పనిలో సగమే. ఏది ప్రస్తుతం చెల్లుతుందో, ఏది చెల్లదో చెప్పడం మిగతా సగం. ఆ రెండో సగమే కష్టం.

సొరుగు వేరు, దశ వేరు

మన కంప్యూటర్లలో ఫోల్డర్లకు కొదవ ఉండదు. ‘బ్యాంకు’, ‘ఇల్లు’, ‘ఆఫీసు’, ‘పిల్లల చదువు’. ఇవి సొరుగుల లాంటివి. ఏ విషయం కాగితం ఏ సొరుగులో ఉందో చెబుతాయి. బాగానే ఉంది. చిక్కంతా సొరుగు తెరిచాక మొదలవుతుంది.

మా అపార్ట్‌మెంట్ సంఘం సంగతే చూడండి. నిబంధనల పుస్తకం మార్చాలని కమిటీ అనుకుంది. ఒకరు రాశారు, ఇంకొకరు దిద్దారు, వాట్సాప్‌లో అందరికీ పంపారు. మూడు నెలల తర్వాత ఫోల్డర్ తెరిస్తే లోపల ‘ఫైనల్’, ‘ఫైనల్ న్యూ’, ‘ఫైనల్ కరెక్టెడ్’, ‘ఫైనల్ లేటెస్ట్ ఇదే’ అని నాలుగు ఫైళ్లు! ఒకదాంట్లో పార్కింగ్ అద్దె ఉంది, ఒకదాంట్లో లేదు. అద్దెకుండేవాళ్లు లిఫ్టు ఖర్చు కట్టాలా వద్దా అన్నదానికి ఒక్కో ఫైల్లో ఒక్కో జవాబు. జనరల్ బాడీ మీటింగులో నాలుగో ఫ్లోరు పెద్దాయన ఒక కాపీ, రెండో ఫ్లోరు ఆవిడ ఇంకో కాపీ చేతపట్టుకుని గంటన్నర వాదించుకున్నారు. నిజం చెప్పాలంటే ఇద్దరూ కరెక్టే. ఎవరి కాగితంలో ఉన్నది వాళ్లు చదివారు!

ఇక్కడ లోపం సొరుగుది కాదు. నాలుగూ సరైన సొరుగులోనే ఉన్నాయి. వాటి మీద ‘ఇది ముసాయిదా మాత్రమే’, ‘ఇది మీటింగులో ఆమోదించింది’, ‘దీని స్థానంలో కొత్తది వచ్చింది’ అని రాసిన వాళ్లే లేరు. ఫైలు పేరులో ‘ఫైనల్’ అని రాయడం లేబుల్ పెట్టడం కాదు. అది రాసినవాళ్ల ఆశ, అంతే!

నాన్న కాలంలోనే ఉంది

డాక్యుమెంట్ మేనేజ్‌మెంట్ సిస్టమ్ అనగానే అదేదో అమెరికా నుంచి దిగిన సరుకు అనుకుంటాం. మా నాన్నగారు కలెక్టరేట్‌లో గుమాస్తాగా చేరి సూపరింటెండెంటుగా రిటైరయ్యారు. కంప్యూటర్ తాకలేదు. కానీ ఆయన పనిచేసిన పద్ధతి చూస్తే ఇప్పటి సాఫ్ట్‌వేర్లు దాని ముందు కొత్తగా కనిపెట్టింది తక్కువే అనిపిస్తుంది.

మద్రాసు ప్రెసిడెన్సీ రోజుల్లో టాటెన్‌హామ్ అనే ఐసీఎస్ అధికారి పేరు మీద ఒక ఆఫీసు పద్ధతి స్థిరపడింది. అదే డిస్ట్రిక్ట్ ఆఫీస్ మాన్యువల్ రూపంలో మన జిల్లా ఆఫీసుల్లో ఇన్నేళ్లూ నడిచింది. తపాల్లో వచ్చిన ప్రతి కాగితానికీ ఒక నంబరు పడుతుంది. ఏ గుమాస్తాకి అప్పగించారో ఆ గుమాస్తా పర్సనల్ రిజిస్టర్‌లో ఎక్కుతుంది. ఎప్పుడొచ్చింది, ఎవరికి రాశారు, జవాబు ఎప్పుడొచ్చింది, గుర్తుచేస్తూ మళ్లీ ఎప్పుడు రాశారు... అన్నీ ఒక వరుసలో కనిపిస్తాయి. పై అధికారి ఆ రిజిస్టర్ తిప్పితే చాలు, ఏ కాగితం ఎన్ని రోజులుగా ఎవరి దగ్గర కూర్చుందో తెలిసిపోతుంది.

అసలు అందం ఫైలు ముగిసినప్పుడు కనిపిస్తుంది. పని అయిపోయిన ఫైలు నంబరు ముందు ఒక పొట్టి ముద్ర చేరుతుంది. ‘ఆర్.డిస్.’ అంటే శాశ్వతంగా ఉంచాలి. ‘డి.డిస్.’ అంటే పదేళ్లు ఉంచి తీసేయొచ్చు. ‘ఎల్.డిస్.’ అంటే ఒక్క ఏడాది చాలు. ఆ రెండు మూడు అక్షరాలు చూసి రికార్డు రూములో పనిచేసే మనిషి ఏ కట్ట ఏ బీరువాలో పెట్టాలో, ఏ ఏడాది బయటికి తీయాలో తేల్చేస్తాడు. లోపలున్న ముప్పై పేజీలూ చదవక్కర్లేదు.

కోర్టు స్టే లాంటి కారణాలతో నెలల తరబడి ముందుకు కదలని ఫైళ్లకు ‘కాల్ బుక్’ అని వేరే పుస్తకం ఉండేది. అంటే ‘ఆగింది’ అన్నదానికి కూడా ఒక గౌరవప్రదమైన చోటు పెట్టారన్నమాట. గుమాస్తా బద్ధకం వల్ల ఆగిన ఫైలూ, హైకోర్టు ఆపిన ఫైలూ ఒకే గాటన పడకుండా! కాల్ బుక్‌లో వేసినంత మాత్రాన మర్చిపోవడానికి వీల్లేదు. అప్పుడప్పుడూ తీసి, ఆపిన కారణం ఇంకా ఉందా పోయిందా అని చూడాలి.

ఇప్పుడు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వ ఫైళ్లు ‘ఈ–ఆఫీస్’లో నడుస్తున్నాయి. ఎన్‌ఐసీ తయారుచేసిన ఆ సాఫ్ట్‌వేర్‌లో ఒక చక్కటి ఏర్పాటుంది. అధికారి రాస్తున్న నోటు ఇంకా మార్చుకునే దశలో ఉంటే అది పసుపు నోటు. ఖరారు చేశాక ఆకుపచ్చ నోటు. ఆకుపచ్చ అయ్యాక దాన్ని చెరపడం, దిద్దడం కుదరదు. రెండే రంగులు. కానీ ‘ఇది ఇంకా నా ఆలోచన’, ‘ఇది ఇక నా మాట’ అన్న రెండింటి మధ్య గీత స్పష్టంగా గీశాయి.

రెండు కాగితాలూ ‘అప్రూవ్డ్’ అయితే?

స్టేటస్ లేబుల్ అనగానే ‘ఏముందిలే, ఓ ముద్రేగా’ అనేవాళ్ల కోసం గల్ఫ్‌లో చూసిన సంగతి ఒకటి చెబుతాను. కంపెనీ పేరు వద్దు.

అక్కడి నిర్మాణ ప్రాజెక్టుల్లో కాంట్రాక్టరు డ్రాయింగ్ పంపితే కన్సల్టెంట్ దాన్ని చూసి అక్షరంతో తిప్పి పంపడం మామూలు. ప్రాజెక్టును బట్టి కొంచెం తేడాలుంటాయి కానీ ఎక్కువచోట్ల ‘ఏ’ అంటే ఆమోదం. ‘బీ’ అంటే ఆమోదమే కానీ రాసిన సూచనలు పాటించాలి. ‘సీ’ అంటే సరిచేసి మళ్లీ పంపు. ‘డీ’ అంటే తిరస్కారం. సైట్లో ఉన్న ఇంజినీర్లు, ఫోర్‌మెన్లు ఏ దేశం వాళ్లయినా, ఏ భాష వాళ్లయినా ఆ ఒక్క అక్షరం అందరికీ అర్థమవుతుంది.

నేను ఆ ప్రాజెక్టుకు వేరేచోట నుంచి మారి వెళ్లి రెండు వారాలైంది. సెల్లార్‌లో పంపు రూము గోడ. అందులోంచి పైపులు వెళ్లడానికి ముందే రంధ్రాలు వదిలి కాంక్రీట్ పోయాలి. నేను రాకముందే రెండో సవరణ డ్రాయింగ్‌కి ‘ఏ’ ముద్ర పడింది. ప్రింటు తీసి సైట్ క్యాబిన్ గోడకి అంటించారు. తర్వాత పైపుల దారి మారింది. మూడో సవరణ వచ్చింది. దానికీ ‘ఏ’ ముద్రే పడింది. కంప్యూటర్‌లోకి అదీ ఎక్కింది. కానీ రెండోదాని మీద ముద్ర మార్చిన వాళ్లు లేరు. సిస్టమ్‌లో వెతికితే రెండూ పక్కపక్కనే, రెండూ ‘అప్రూవ్డ్’. క్యాబిన్ గోడ మీద మాత్రం పాతదే.

గోడ పోశారు. పైపులు బిగించేవాళ్లు వచ్చాక చూస్తే రంధ్రాలు ఉండాల్సిన చోట గట్టి కాంక్రీట్ ఉంది. మెషిన్ పెట్టి కోయాలి, లోపలి ఇనుము తెగకుండా చూసుకోవాలి, పాత రంధ్రాలు పూడ్చాలి. ఖర్చు ఎవరిదన్న ప్రశ్న వచ్చింది. ఇలాంటి ప్రశ్న ఎప్పుడొచ్చినా పై నుంచి కిందికి జారుతూ జారుతూ అందరికంటే కింద ఉన్నవాడి నెత్తిన ఆగుతుంది. ఆ రోజు ఆగింది సిరిసిల్ల వైపు నుంచి వచ్చిన ఫోర్‌మన్ నెత్తిన. వయసులో నాకంటే పదేళ్లు పెద్ద. ఇంటి దగ్గర ఇద్దరు ఆడపిల్లల చదువు, అప్పు వాయిదాలు. జీతంలోంచి నెలనెలా కోస్తామన్నారు.

ఆ సాయంత్రం నా క్యాబిన్‌కి వచ్చి అదే ప్రింటు బల్ల మీద పరిచాడు.

‘తమ్మీ, నువ్వే సూడు. దీని మీద అప్రూవ్డ్ అని ఉన్నదా లేదా? సంతకం గూడ ఉన్నది. ఉన్నదాన్ని సూసి కట్టిన. నేనేం తప్పు జేసిన?’

‘తప్పు నీది కాదన్నా. కానీ మాట కాదు, కాగితం చూపించాలి. రేపటిదాకా టైమియ్యి’ అన్నాను.

డ్రాయింగ్ ఎవరెవరికి ఎప్పుడు పంపారో రాసుకునే రిజిస్టర్ ఉంటుంది. ట్రాన్స్‌మిటల్ అంటాం. మూడో సవరణ పంపిన వరుస తీశాను. కన్సల్టెంట్‌కి వెళ్లింది, డిజైన్ ఆఫీసుకి వెళ్లింది, బిల్లింగ్‌కి వెళ్లింది. సైట్‌కి పంపినట్టు గానీ, తీసుకున్నట్టు గానీ సంతకం లేదు. పాత ప్రింటు వెనక్కి తీసుకున్నట్టూ లేదు. ఆ రెండు పేజీల నకలు మీటింగులో పెట్టాక కోత మాట వెనక్కి తీసుకున్నారు. ‘సారీ’ మాత్రం ఆయనకు చెప్పలేదు. అక్కడ అంతకంటే ఆశించడం కూడా ఎక్కువే.

ఆ గొడవ నాకు ఒక విషయం బాగా పట్టించింది. ఆ పాత ప్రింటు మీది ముద్ర అబద్ధం కాదు. పడిన రోజున అది నూటికి నూరుపాళ్లు నిజం. కొత్త కాగితం పుట్టిన క్షణంలో అది అబద్ధంగా మారింది. ముద్ర మాత్రం అలాగే ఉండిపోయింది. మనుషులకు వయసు పెరిగినట్టే కాగితాల స్థితీ మారుతుంది. లేబుల్ పెట్టడం తేలిక, అందరూ పెడతారు. పెట్టిన లేబుల్‌ని సమయానికి తీసేయడమే అసలు పని. తర్వాత ఆ ప్రాజెక్టులో మా టీమ్ చేసిన మొదటి మార్పు అదే. కొత్త సవరణకు ఆమోదం పడగానే పాతది దానంతటదే ‘సూపర్‌సీడెడ్’ అయిపోవాలి. అంటే దీని స్థానంలో వేరేది వచ్చిందని అర్థం. కొత్త ప్రింటు ఇచ్చేటప్పుడు పాత ప్రింటు చేతికి తీసుకున్నాకే సంతకం.

నిర్మాణ రంగంలో ఇలాంటి గందరగోళం ప్రపంచమంతా ఉంది కాబట్టే ఐఎస్ఓ 19650 అనే ప్రమాణం 2018లో వచ్చింది. అది ఒక ప్రాజెక్టు సమాచారాన్నంతా నాలుగు దశలుగా చూడమంటుంది. మన బృందం ఇంకా రాసుకుంటున్నది ఒకటి, మిగతా బృందాలతో పంచుకున్నది రెండు, వాడుకోవడానికి అనుమతించి విడుదల చేసింది మూడు, చరిత్రగా దాచింది నాలుగు. ఏ దశలో ఉన్నదాన్ని దేనికి వాడొచ్చో, దేనికి వాడకూడదో ముందే తేల్చుకోవాలి. పంచుకున్నారు కదా అని దాన్ని చూసి గోడ కట్టకూడదు.

‘పెండింగ్’ అనే మంచి దాక్కునే చోటు

లేబుల్స్‌లో చెడ్డ లేబుల్ ఏదని నన్నడిగితే క్షణం ఆలోచించకుండా చెబుతాను... ‘పెండింగ్’. దానికి తమ్ముడు ‘ప్రాసెస్‌లో ఉంది’.

నాన్నగారు పోయాక అమ్మకు ఫ్యామిలీ పింఛను రావాలి. దరఖాస్తు పెట్టాం. ఆన్‌లైన్‌లో నంబరు కొడితే ‘ప్రాసెస్‌లో ఉంది’ అని వచ్చింది. సంతోషం. నెల తర్వాతా అదే. మూడో నెలా అదే. అమ్మ రోజూ సాయంత్రం ‘ఏమైనా మారిందేమో చూడరా’ అనేది. నేను ఫోనులో చూసేవాణ్ని. అదే ఆకుపచ్చ అక్షరాలు. నాలుగో నెలలో సెలవు పెట్టి స్వయంగా వెళ్లాను. తీరా తేలిందేంటి? మరణ ధ్రువీకరణ పత్రంలో ఇంటిపేరు స్పెల్లింగ్‌కీ, సర్వీసు రిజిస్టర్‌లోదానికీ ఒక అక్షరం తేడా. అఫిడవిట్ ఒకటి ఇస్తే అయిపోతుంది. కౌంటర్లో ఉన్న అమ్మాయి పాపం మంచిదే. ‘మీరు తెచ్చిస్తారని చూస్తున్నాం సర్’ అంది. మేము వాళ్లు పంపిస్తారని చూస్తున్నాం. వాళ్లు మేము తెస్తామని చూస్తున్నారు. మధ్యలో ‘ప్రాసెస్‌లో ఉంది’ అన్న మాట హాయిగా కూర్చుంది. మర్నాడు అఫిడవిట్ ఇచ్చాం, ఆ తర్వాత పని జరిగింది.

ఇంటికొచ్చి చెబితే అమ్మ ఒకటే అంది. ‘మీ నాన్నగారైతే మొదటి వారంలోనే కొర్రీ రాసి పంపేవారురా. కొర్రీ వస్తే తిట్టుకుంటాం గానీ, అది వస్తేనే కదా మనం ఏం చెయ్యాలో తెలిసేది!’

ఇంతకంటే బాగా ఏ సాఫ్ట్‌వేర్ పుస్తకమూ చెప్పలేదు నాకు. మంచి లేబుల్ చూడగానే ‘ఇప్పుడు కదలాల్సింది ఎవరు?’ అన్నదానికి జవాబు దొరకాలి. ‘పెండింగ్’ బదులు ‘దరఖాస్తుదారు నుంచి పత్రం రావాలి’ అని ఉంటే కదలాల్సింది మనం. ‘అధికారి సంతకానికి వెళ్లింది’ అంటే కదలాల్సింది వాళ్లు. ‘కోర్టు ఉత్తర్వు వల్ల ఆగింది’ అంటే ఇద్దరూ ఆగాలి. మూడూ పెండింగే. కానీ ముగ్గురు వేర్వేరు మనుషుల పని.

ఆరు లేబుల్స్ చాలు

మీది చిన్న ఆఫీసా, స్కూలా, ఆడిటర్ గారి దుకాణమా, రైతు సంఘమా... ఏదైనా సరే, కాగితాలు కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్నప్పుడు నేను చెప్పే సలహా ఒకటే. ఆరు లేబుల్స్‌తో మొదలుపెట్టండి.

ముసాయిదా: ఇంకా రాస్తున్నాం. రాసేవాళ్లు తప్ప ఎవరూ దీన్ని నమ్ముకోకూడదు.

పరిశీలనలో: ఫలానావారు చూస్తున్నారు. వాళ్ల పేరు పక్కనే ఉండాలి.

సవరణకు వచ్చింది: కొర్రీ పడింది. బంతి రాసినవాళ్ల కోర్టులో ఉంది.

ఆమోదం: దీని ప్రకారం పని చేయొచ్చు, డబ్బు చెల్లించొచ్చు, గోడ కట్టొచ్చు.

కొత్తది వచ్చింది: ఒకప్పుడు చెల్లింది, ఇప్పుడు చెల్లదు. చూడొచ్చు, వాడకూడదు.

భద్రం: పని ముగిసింది. ఫలానా తేదీ దాకా దాచాలి.

ఇంతే. వీటిని వాడేటప్పుడు నాలుగు కట్టుబాట్లు పెట్టుకోండి.

మొదటిది, ఒక కాగితానికి ఒక సమయంలో ఒకే స్థితి. ‘పరిశీలనలో’, ‘ఆమోదం’ రెండూ ఒకే కాగితం మీద ఉన్నాయంటే రెండింటిలో ఒకటి అబద్ధం. అందుకే చాలా సాఫ్ట్‌వేర్లలో ట్యాగ్‌లు ఎన్నైనా తగిలించుకోనిస్తారు కానీ స్టేటస్‌కి మాత్రం ఒకే గడి పెట్టుకోవడం మంచిది. వరుసలోంచి ఒక్కటే ఎంచుకునేలా.

రెండోది, వేర్వేరు సంగతుల్ని కలపొద్దు. ‘అర్జెంట్’ అనేది స్థితి కాదు, తొందర. ‘రహస్యం’ అనేది స్థితి కాదు, ఎవరు చూడొచ్చన్న హద్దు. ‘బిల్లు’ అనేది స్థితి కాదు, రకం. అర్జెంట్ ముసాయిదా ఉంటుంది, అర్జెంట్ ఆమోదమూ ఉంటుంది. అన్నీ ఒకే గడిలో కుక్కితే కొన్నాళ్లకు ‘అర్జెంట్’ అన్న లేబుల్ కిందే మూడేళ్ల నాటి కాగితాలు కనిపిస్తాయి.

మూడోది, ఏ లేబుల్ ఎవరు మార్చొచ్చో ముందే తేల్చుకోండి. రాసినవాళ్లే ‘ఆమోదం’ పెట్టేసుకుంటే ఇక పరిశీలన ఎందుకు? షేర్‌పాయింట్ లాంటి వాటిలో ఈ సదుపాయం ఉంది. ఆమోదం కావాలని అమర్చితే ఫైలు డ్రాఫ్ట్, పెండింగ్, అప్రూవ్డ్, రిజెక్టెడ్ అనే దశల్లో నడుస్తుంది. ముసాయిదాలకు 0.1, 0.2 అనీ, విడుదలైనవాటికి 1.0, 2.0 అనీ నంబర్లు కూడా అదే వేస్తుంది. ‘ఫైనల్ లేటెస్ట్ ఇదే’ అని పేరు పెట్టే అవసరం ఉండదు.

నాలుగోది, లేబుల్ మారిన ప్రతిసారీ తేదీ, మార్చినవాళ్ల పేరు మిగలాలి. ఆ సిరిసిల్ల అన్న జీతాన్ని కాపాడింది ముద్ర కాదు, ముద్ర వెనకున్న ఆ వరుసే.

లేబుల్స్ ఇరవై పెట్టొచ్చా అంటే పెట్టొచ్చు. ‘ప్రాథమిక పరిశీలన’, ‘తుది పరిశీలన’, ‘తుది పరిశీలన తర్వాతి పరిశీలన’... కానీ ఒకటి గుర్తుంచుకోండి. రెండు లేబుల్స్‌కి మధ్య తేడా ఆఫీసులో అందరికంటే కొత్తగా చేరిన మనిషికి ఒక్క వాక్యంలో చెప్పలేకపోతే, వాటిలో ఒకటి అనవసరం.

అటకెక్కించడానికీ పద్ధతుంది

‘పాతవి తీసిపారేయొచ్చుగా’ అంటారు చాలామంది. వద్దు. పాత కాగితం ఇప్పుడు చెల్లకపోవచ్చు కానీ అప్పట్లో ఏం జరిగిందో చెప్పే సాక్షి అదే. పంపు రూము గోడ విషయంలో రెండో సవరణ డ్రాయింగ్‌ని ఎవరైనా డిలీట్ చేసి ఉంటే, ఆ ఫోర్‌మన్ చెప్పింది నిజమని నిరూపించే దారే ఉండేది కాదు.

అలాగని అన్నీ ఎల్లకాలం దాచక్కర్లేదు. చట్టమే కొన్నిటికి గడువు చెబుతుంది. కంపెనీల చట్టం 2013 ప్రకారం లెక్కల పుస్తకాలు కనీసం 8 ఆర్థిక సంవత్సరాలు ఉంచాలి. కేంద్ర ప్రభుత్వ రికార్డుల విషయంలో పబ్లిక్ రికార్డ్స్ చట్టం 1993 ఉంది. పద్ధతి పాటించకుండా రికార్డు ధ్వంసం చేస్తే ఐదేళ్ల దాకా జైలు గానీ, 10 వేల రూపాయల దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చని అది చెబుతుంది. సమాచార హక్కు చట్టం 2005 అయితే నాలుగో సెక్షన్‌లోనే ప్రభుత్వ సంస్థలు తమ రికార్డుల్ని వరుసగా, సూచికలతో సర్దుకోవాలని అంటుంది. అడిగినవాళ్లకు మామూలుగా 30 రోజుల్లో జవాబివ్వాలంటే ముందు కాగితం దొరకాలి కదా మరి. అందుకే ‘భద్రం’ అని పెట్టేటప్పుడే ‘ఎప్పటిదాకా’ అన్నది కూడా రాయండి. పదేళ్ల తర్వాత ఆ బీరువా తెరిచే మనిషి మీరు కాకపోవచ్చు.

ఇంట్లో కూడా ఇదే సూత్రం పనికొస్తుంది. 2015లో మొదలైన డిజిలాకర్‌ని చూడండి. అందులో ‘ఇష్యూడ్’ అని ఒక భాగం, మనం స్కాన్ చేసి ఎక్కించుకున్నవాటికి వేరే భాగం ఉంటాయి. మొదటిదాంట్లోవి జారీచేసిన శాఖ నుంచి నేరుగా వచ్చినవి, అసలు పత్రాలతో సమానంగా చెల్లుతాయి. రెండోవి కేవలం మన నకళ్లు. చూడ్డానికి రెండూ ఒకే పీడీఎఫ్. కానీ చెల్లుబాటులో ఎంత తేడా! మన బీమా పాలసీలూ అంతే. నడుస్తున్నవి, గడువు తీరినవి, డబ్బు తీసేసుకున్నవి ఒకే ప్లాస్టిక్ కవర్లో ఉంటాయి. ఇంటిపెద్దకు ఏదైనా అయినరోజు, ఆసుపత్రి వరండాలో నిలబడి ఆ కవర్ తిప్పే కొడుకుకో కూతురికో ఏది బతికున్న పాలసీయో ఎలా తెలుస్తుంది?

ఈ ఆదివారం ఓ గంట కూర్చోండి. కొత్త సాఫ్ట్‌వేర్ కొనక్కర్లేదు. బీమా, ఇంటి దస్తావేజులు, బ్యాంకు అప్పు కాగితాలు... మూడు కట్టలు చాలు. ప్రతి కాగితం మూలన పెన్సిల్‌తో ఒక్క మాట రాయండి: ‘నడుస్తోంది’, ‘అయిపోయింది’, ‘జవాబు రావాలి’. పక్కన తేదీ వేయండి. ‘జవాబు రావాలి’ అని రాసినవాటి మీద మాత్రం ఎవరి నుంచి రావాలో కూడా రాయండి. సోమవారం పొద్దున్నే ఎవరికి ఫోను చేయాలో ఆ కాగితాలే చెబుతాయి.